లాగ్‌లో సక్సెస్ ఉంది, డిస్కులో బ్యాకప్ లేదు: సర్వర్ బ్యాకప్ లోపాలను వెతికి సరిచేసే విధానం

నమస్కారం. నల్లగొండ నుంచి ఈ వీడియో చేస్తున్నాను. రైస్ మిల్లులోనో, చిన్న ఆసుపత్రిలోనో, పాఠశాలలోనో ఒకే ఒక్క సర్వర్‌ను చూసుకుంటూ, ప్రింటర్ మొదలుకొని సీసీ కెమెరాల దాకా అన్నింటికీ తామే దిక్కయిన మిత్రుల కోసం దీన్ని తయారు చేశాను. బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌ను ఇన్‌స్టాల్ చేయడం ఇందులో చూపించను, అది పది నిమిషాల పని. నడుస్తున్నదనుకున్న బ్యాకప్ నిజంగా నడుస్తున్నదో లేదో ఎట్లా తెలుసుకోవాలి, ఆగిపోతే ఎక్కడ ఆగిందో ఏ వరుసలో వెతకాలి అన్నదే ఈ రోజు విషయం. ఉదాహరణలన్నీ లైనక్స్ సర్వర్ మీద మైసీక్వెల్ డేటాబేస్‌తో, రెస్టిక్ అనే ఉచిత బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌తో చూపిస్తాను. మీరు వేరే సాఫ్ట్‌వేర్ వాడుతున్నా వెతికే పద్ధతి ఇదే.

ముందుగా నాకు ఎదురైన ఒక సంఘటన చెబుతాను. మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు సర్వర్‌ను నేను చూసుకునేవాణ్ణి. యాసంగి వడ్లు వచ్చే రోజుల్లో ఒక ఉదయం అక్కడి గుమాస్తా ఫోన్ చేసి, "సార్, కాంటా చిట్టీ ఎక్కుతలేదు, సిస్టమ్ పట్టుకున్నది, బయట లారీలు ఆగినయి" అన్నాడు. "మిషన్ బంద్ చేయకన్నా, అట్లనే ఉంచు, నేను వస్తున్న" అని బయలుదేరాను. వెళ్లి చూస్తే సర్వర్‌లోని ప్రధాన డిస్కు నూటికి నూరు శాతం నిండిపోయి ఉంది. నింపింది మా బ్యాకప్పే. అంతకు 19 రోజుల ముందు గాలిదుమారానికి కరెంటు పోయి, యూపీఎస్ కూడా చేతులెత్తేసి, సర్వర్ ఆగి మళ్లీ మొదలైంది. అలా మొదలైనప్పుడు బ్యాకప్ కోసం పెట్టిన యూఎస్‌బీ హార్డ్ డిస్కు మౌంట్ కాలేదు, అంటే సర్వర్ దాన్ని తన ఫోల్డర్‌కు జోడించుకోలేదు. ప్రతి రాత్రి నడిచే స్క్రిప్టుకు ఆ సంగతి తెలియదు. డిస్కు ఉండవలసిన చోట ఖాళీ ఫోల్డర్ కనిపించింది, అందులోనే నాలుగు జీబీల ఫైలును రోజూ రాసుకుంటూ పోయింది. పని ఫలితాలు నమోదయ్యే లాగ్ తెరిస్తే 19 రాత్రులూ "సక్సెస్" అనే ఉంది.

ఆ రోజు డేటా ఏదీ పోలేదు. చివరి ఫైలును నా ల్యాప్‌టాప్‌లోకి కాపీ చేసుకొని, పాతవి తీసివేసి, మైసీక్వెల్‌ను మళ్లీ మొదలుపెట్టాను. అంతలోపు గుమాస్తా చేత్తో రాసి ఇనుప కొక్కేనికి గుచ్చిన చిట్టీలను సాయంత్రం ఒక్కొక్కటిగా ఎక్కించాము. అయినా ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. 19 రోజులపాటు ఆ మిల్లు లెక్కలూ వాటి బ్యాకప్పూ ఒకే డిస్కు మీద ఉన్నాయి. ఆ డిస్కు కాలిపోయి ఉంటే రైతులకు ఇవ్వవలసిన డబ్బుల లెక్క ఆ చిట్టీల కొక్కెంలో తప్ప ఎక్కడా మిగిలేది కాదు. తప్పు నాదే. ఏ డిస్కు ఎక్కడ మౌంట్ కావాలో చెప్పే ఎఫ్‌స్టాబ్ ఫైలులో డిస్కును యూయూఐడీతో, అంటే దాని సొంత గుర్తింపు సంఖ్యతో కాకుండా, పరికరం పేరుతో రాశాను. సర్వర్ మళ్లీ లేచినప్పుడు ఆ పేరు మారింది. పైగా "నోఫెయిల్" అని రాసినందువల్ల, డిస్కు దొరకకపోయినా సర్వర్ ఏమీ అనకుండా లేచి నిలబడింది.

అప్పటి నుంచి ఒక విషయం గట్టిగా పట్టుకున్నాను. బ్యాకప్ గురించి ఏ చెడు కబురూ రాలేదంటే క్షేమంగా ఉన్నట్టు లెక్క కాదు. ఈ వీడియోలో చూపించేదంతా ఆ మౌనం వెనుక ఏముందో తెలుసుకోవడానికే.

ఇప్పుడు తెర మీద చూడండి. సర్వర్ ముందు కూర్చోగానే లాగ్ తెరవకండి. ముందు బ్యాకప్ ఉన్న చోటికే వెళ్లి దాన్నే అడగండి. "రెస్టిక్ స్నాప్‌షాట్స్" అని కొట్టి, రిపాజిటరీ, అంటే రెస్టిక్ బ్యాకప్‌లను దాచే నిల్వ, దాని పాస్‌వర్డ్ ఇస్తే ఇలా ఒక పట్టిక వస్తుంది. ఒక్కో వరుస ఒక్కో రాత్రి తీసిన బ్యాకప్, దాన్నే స్నాప్‌షాట్ అంటారు. చివరి వరుసలో తేదీ, సమయం చూడండి. నిన్న రాత్రిదేనా? తరువాత ఏ ఫోల్డర్లు వచ్చాయో చూడండి. కొత్త వెర్షన్లలో చివరన సైజు కూడా కనిపిస్తుంది. గత వారం రోజుల సైజులను వేలు పెట్టి పైనుంచి కిందికి చదవండి. వ్యాపారం నడుస్తున్న చోట డేటా కొద్దికొద్దిగా పెరగాలి. ఒక్కసారిగా సగానికి పడిపోయినా, వారం నుంచి ఒక్క అంకె కూడా కదలకపోయినా ఏదో జరిగిందన్నమాట. నేను పట్టుకున్న లోపాల్లో ఎక్కువ భాగం లాగ్‌లో కాదు, ఈ సైజుల వరుసలోనే దొరికాయి.

సమయం విషయంలో చాలామంది తికమక పడే చోటు ఒకటి ఉంది. అద్దెకు తీసుకున్న క్లౌడ్ సర్వర్లు సాధారణంగా యూటీసీ అనే అంతర్జాతీయ సమయంలో ఉంటాయి. మన గడియారం దానికంటే అయిదున్నర గంటలు ముందు. చెప్పిన వేళకు పనులను నడిపే క్రాన్‌లో రాత్రి 2 గంటలకని రాస్తే, అది మన లెక్కలో ఉదయం ఏడున్నరకు నడుస్తుంది. అంటే కాంటా దగ్గర మొదటి లారీ నిలబడే వేళకు సర్వర్ బ్యాకప్ పనిలో మునిగి ఉంటుంది, అందరూ "సిస్టమ్ స్లో" అంటారు. "టైమ్‌డేట్ సీటీఎల్" అని కొడితే సర్వర్ ఏ సమయంలో ఉందో తెలుస్తుంది. దాన్ని ఏషియా కోల్‌కతాకు మార్చుకున్నాక క్రాన్ సర్వీసును తప్పక రీస్టార్ట్ చేయండి, లేకపోతే అది పాత సమయాన్నే పట్టుకొని ఉంటుంది.

ఇక డిస్కు. "ఫైండ్ ఎంఎన్‌టీ" అని రాసి, బ్యాకప్ ఫోల్డర్ పేరు ఇవ్వండి. డిస్కు మౌంట్ అయి ఉంటే దాని వివరాలు వస్తాయి. ఏమీ రాకుండా ప్రాంప్ట్ తిరిగి వచ్చేస్తే అక్కడ ఉన్నది వట్టి ఫోల్డర్ మాత్రమే. మిల్లులో జరిగింది మళ్లీ జరగకుండా మూడు జాగ్రత్తలు తీసుకున్నాను. "బీఎల్‌కే ఐడీ" ఆజ్ఞతో డిస్కు యూయూఐడీని తెలుసుకొని, ఎఫ్‌స్టాబ్‌లో దానినే రాశాను. స్క్రిప్టు మొదటి వరుసలోనే "మౌంట్‌పాయింట్ హైఫన్ క్యూ" అనే పరీక్ష పెట్టి, డిస్కు లేకపోతే అక్కడికక్కడే తప్పు సంకేతంతో ఆగిపోయేలా చేశాను. మూడోది నాకు చాలా ఇష్టమైన ఉపాయం. డిస్కును అన్‌మౌంట్ చేసి, ఖాళీగా ఉన్న ఆ ఫోల్డర్ మీద "సీహెచ్ అట్టర్ ప్లస్ ఐ" ఆజ్ఞ ఇచ్చాను. ఈఎక్స్‌టీ4 వంటి ఫైల్ సిస్టమ్‌లో ఇలా చేస్తే, డిస్కు మౌంట్ కానప్పుడు ఆ ఫోల్డర్‌లో అన్ని అధికారాలూ ఉన్న రూట్ యూజర్ కూడా ఒక్క ఫైలు రాయలేడు. డిస్కు మౌంట్ అయ్యాక మాత్రం డిస్కులోకి రాయడానికి ఏ అడ్డూ ఉండదు.

రెస్టిక్‌లో ఈ విషయంలో ఒక మంచి గుణం ఉంది. రిపాజిటరీ కనిపించకపోతే అది తనంతట తాను కొత్తది తయారు చేసుకోదు, ఈ చోట రిపాజిటరీ ఉందా అని ప్రశ్నిస్తూ ఆగిపోతుంది. ప్రమాదం ఆ తరువాత ఉంది. ఆ సందేశం చూడగానే, మొదటి రోజు చేసినట్టే మళ్లీ "రెస్టిక్ ఇనిట్" కొట్టేవాళ్లను నేను చూశాను. అలా చేస్తే వట్టి ఫోల్డర్‌లో కొత్త రిపాజిటరీ పుడుతుంది, ఎర్రర్ మాయమవుతుంది, బ్యాకప్ మళ్లీ "బాగానే" నడుస్తుంది, మీ పాత చరిత్ర అంతా మౌంట్ కాని డిస్కులో ఉండిపోతుంది. ఒకసారి నడిచిన రిపాజిటరీ కనిపించడం లేదంటే, చేయవలసింది దాన్ని వెతకడం. దయచేసి ఇనిట్ జోలికి పోకండి.

[తెరపై: స్క్రిప్టు ఫైలు, డేటాబేస్ డంప్ తీసే వరుస]

ఇప్పుడు డేటాబేస్ దగ్గరికి వద్దాం. ఇక్కడ కాస్త నిదానంగా చూడాలి. మైసీక్వెల్ నడుస్తుండగా దాని డేటా ఫోల్డర్‌ను నేరుగా కాపీ చేస్తే అది బ్యాకప్ కాదు. కాపీ మొదలైనప్పుడు ఒక పట్టిక ఒక స్థితిలో, ముగిసేసరికి మరో పట్టిక మరో స్థితిలో ఉంటాయి. రెండూ కలిపి తెరిస్తే డేటాబేస్ లేవకపోవచ్చు. అందుకే ముందు మైసీక్వెల్ డంప్‌తో డేటాబేస్ మొత్తాన్ని ఒక ఫైలుగా తీసి, దాన్ని రెస్టిక్‌కు అప్పగిస్తాము. ఇన్నోడీబీ రకం పట్టికలు ఉన్నవారు "సింగిల్ ట్రాన్సాక్షన్" అనే ఆప్షన్ తప్పక పెట్టండి. డంప్ మొదలైన క్షణంలో లెక్కలు ఎలా ఉన్నాయో అదే రూపం చివరిదాకా వస్తుంది, పని చేసుకునేవాళ్లకు అడ్డం ఉండదు.

ఈ వరుసను దగ్గరగా చూడండి. మైసీక్వెల్ డంప్, తరువాత దాని ఫలితాన్ని ముందుకు అందించే నిలువు గీత, తరువాత దాన్ని కుదించే జీజిప్. చాలామంది స్క్రిప్టుల్లో ఇదే ఉంటుంది. మైసీక్వెల్ పాస్‌వర్డ్ మారిందనుకుందాం. డంప్ మొదటి క్షణంలోనే విఫలమవుతుంది. కానీ ఆజ్ఞలను నడిపే షెల్ సాధారణంగా వరుసలో చివరి ప్రోగ్రామ్ ఇచ్చిన ఫలితాన్నే లెక్కలోకి తీసుకుంటుంది. జీజిప్‌కు ఏమీ అందలేదు, అది ఆ శూన్యాన్నే శ్రద్ధగా కుదించి, పని ముగిసిందని చెప్పింది. ఇప్పుడు నేను పాస్‌వర్డ్ కావాలని తప్పుగా ఇచ్చి నడుపుతున్నాను. చూశారా, ఫైలు వచ్చింది, ఈ రోజు తేదీతోనే వచ్చింది, స్క్రిప్టు "సక్సెస్" అంది. ఫైలు సైజు 20 బైట్లు. అందులో మీ వ్యాపారం ఒక్క అక్షరం కూడా లేదు.

దీనికి మందు చిన్నదే. స్క్రిప్టు పైభాగంలో "సెట్ హైఫన్ ఓ పైప్‌ఫెయిల్" అని రాస్తే, వరుసలో ఏ ఒక్కటి విఫలమైనా మొత్తం విఫలమైనట్టే లెక్క. డంప్ ఫైలు చివరి వరుసను కూడా చూడండి. పని పూర్తిగా ముగిస్తే "డంప్ కంప్లీటెడ్" అని తేదీతో సహా రాసి పెడుతుంది. మధ్యలో తెగిపోయిన ఫైలులో ఆ వరుస ఉండదు. రెస్టిక్ 0.17 నుంచి మరో దారి కూడా వచ్చింది. "స్టడిన్ ఫ్రమ్ కమాండ్" ఆప్షన్‌తో డంప్‌ను రెస్టిక్ స్వయంగా నడుపుతుంది, డంప్ విఫలమైతే స్నాప్‌షాట్‌ను నమోదు చేయదు. కొత్తగా మొదలుపెట్టేవారికి నేను ఇదే చెబుతాను.

చేత్తో నడిపితే నడుస్తుంది, క్రాన్‌లో పెడితే నడవదు అనే ఫిర్యాదు నాకు ఎక్కువగా వస్తుంది. కారణాలు చాలావరకు రెండే. క్రాన్‌కు తెలిసిన పాత్, అంటే ప్రోగ్రామ్‌ల కోసం వెతికే ఫోల్డర్ల జాబితా, చాలా కురచగా ఉంటుంది కాబట్టి, ప్రతి ప్రోగ్రామ్‌కూ పూర్తి దారి రాయాలి. రెండోది, క్రాన్ పనులు రాసే క్రాన్‌టాబ్‌లో శాతం గుర్తుకు కొత్త వరుస అనే అర్థం ఉంది. ఫైలు పేరులో తేదీ కోసం ఆ గుర్తును ఉన్నదున్నట్టు రాస్తే ఆజ్ఞ అక్కడికే తెగిపోతుంది. దాని ముందు బ్యాక్‌స్లాష్ పెట్టండి, లేదా తేదీ పని అంతా స్క్రిప్టులోనే ఉంచండి.

ఇక తాళం సంగతి. బ్యాకప్ నడుస్తుండగా కరెంటు పోతే వేరే పని అడ్డురాకుండా రిపాజిటరీలో రెస్టిక్ వేసుకున్న తాళం అలాగే మిగిలిపోతుంది. అయినా మరుసటి రాత్రి బ్యాకప్ మామూలుగానే నడుస్తుంది, ఎందుకంటే బ్యాకప్ వేసే తాళం మరో బ్యాకప్‌ను అడ్డుకోదు. అది అడ్డుకునేది ప్రూన్‌ను, అంటే పాత డేటాను తుడిచే పనిని. అందువల్ల కొత్త స్నాప్‌షాట్లు రోజూ వస్తూనే ఉంటాయి, పాతవి మాత్రం తొలగవు, నెలా రెండు నెలల్లో డిస్కు నిండుతుంది. అప్పుడు అందరూ డిస్కు చిన్నదైందని కొత్తది కొంటారు. ముందు తాళం సందేశం చదవండి. ఏ యంత్రం, ఏ యూజర్, ఏ ప్రాసెస్ నంబర్, ఎప్పుడు వేసిన తాళమో అందులో ఉంటుంది. ఆ నంబర్‌తో ఇప్పుడు ఏదైనా నడుస్తున్నదేమో పీఎస్ ఆజ్ఞతో చూడండి. లేదని తేలాకనే "రెస్టిక్ అన్‌లాక్" ఇవ్వండి. అది యజమాని లేని పాత తాళాలను మాత్రమే తీస్తుంది. అన్నింటినీ బలవంతంగా తీసే "రిమూవ్ ఆల్" ఆప్షన్‌ను స్క్రిప్టులో మాత్రం ఎప్పుడూ పెట్టకండి, నడుస్తున్న ప్రూన్ మీద మరో పని ఎక్కితే రిపాజిటరీ పాడవవచ్చు.

డిస్కు నిజంగానే నిండితే, ఫర్‌గెట్ వేరు, ప్రూన్ వేరు అని గుర్తుంచుకోండి. ఫర్‌గెట్ పట్టికలోంచి పేరు మాత్రమే కొట్టివేస్తుంది, జాగా ఖాళీ అయ్యేది ప్రూన్‌తోనే. నేను ఏడు రోజులవి, నాలుగు వారాలవి, పన్నెండు నెలలవి ఉంచి మిగతావి వదిలేస్తాను. అయితే పూర్తిగా నిండిన డిస్కు మీద ప్రూన్ కూడా నడవదు, ఎందుకంటే తాళం రాసుకోవడానికీ, కొత్త సూచిక రాసుకోవడానికీ దానికి కొంత చోటు కావాలి. అందుకని ప్రతి బ్యాకప్ డిస్కు మీద, రిపాజిటరీ బయట, రెండు జీబీల పనికిరాని ఫైలు ఒకటి ముందే పెట్టి ఉంచుతాను. నిండిన రోజు దాన్ని తీసివేస్తే ప్రూన్‌కు ఊపిరి ఆడుతుంది. రిపాజిటరీలోని డేటా ఫోల్డర్‌లోకి వెళ్లి పాత తేదీ ఫైళ్లను చేత్తో తీసేయడం మాత్రం వద్దు. ఒకే ముక్కను పాత స్నాప్‌షాటూ నిన్నటి స్నాప్‌షాటూ పంచుకొని ఉంటాయి.

మన దగ్గర ఎండాకాలంలో ఏసీ లేని గదిలో డిస్కులు బాగా వేడెక్కుతాయి. మార్చి నుంచి జూన్ వరకు వారానికోసారి డిస్కు ఆరోగ్యం చూపే "స్మార్ట్ సీటీఎల్"తో 5వ నంబరు, 197వ నంబరు వరుసలు చూడండి. రీఅలొకేటెడ్, పెండింగ్ సెక్టార్ల, అంటే డిస్కులో పాడైన, అనుమానం ఉన్న చోట్ల అంకెలు పెరుగుతుంటే ఆ డిస్కును మార్చేయండి. యూఎస్‌బీ డిస్కు జవాబు ఇవ్వకపోతే "హైఫన్ డీ శాట్" జోడించండి.

ఇప్పుడు కబురు అందే దారి గురించి. 2017 జనవరి 31న ప్రోగ్రామర్ల కోడ్‌ను భద్రపరిచే గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఇంజనీరు అలసిన వేళ పొరపాటున ప్రధాన డేటాబేస్ ఫోల్డర్‌ను తుడిచివేశారు. బ్యాకప్ కోసం చూస్తే అది ఉండవలసిన క్లౌడ్ నిల్వ ఖాళీగా ఉంది. డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ అనే సాఫ్ట్‌వేర్ 9.6 వెర్షన్‌లో ఉంటే, డంప్ తీసే ప్రోగ్రామ్ 9.2 వెర్షన్‌ది నడిచి ప్రతిసారీ విఫలమవుతూ వచ్చింది. విఫలమైన ప్రతిసారీ హెచ్చరిక మెయిల్ బయలుదేరింది కూడా. కానీ ఆ మెయిళ్లకు నకిలీ మెయిళ్లను ఆపే డీమార్క్ నియమాల ప్రకారం ఉండవలసిన సంతకం లేదని స్వీకరించే సర్వర్ వాటిని తిప్పికొట్టింది. అంతకు ఆరు గంటల ముందు వేరే పని కోసం తీసిన ఒక ఎల్‌వీఎం స్నాప్‌షాట్, అంటే ఆ క్షణంలో డిస్కు ఉన్న రూపానికి నకలు, వల్ల వాళ్లు బయటపడ్డారు. ఆరు గంటల డేటా పోయింది. ఇదంతా ఆ సంస్థ దాచుకోకుండా తానే ప్రపంచానికి చెప్పింది, అందుకు వారిని గౌరవిస్తాను. అంత పెద్ద సంస్థలోనే మౌనాన్ని క్షేమం అనుకుంటే, ఒక్క మనిషి చూసుకునే మన సర్వర్ల మాట వేరే చెప్పాలా?

కాబట్టి విఫలమైతే మెయిల్ పంపమనే పద్ధతిని తిప్పి వేయండి. బ్యాకప్ పూర్తయిన ప్రతి ఉదయం ఒక చిన్న సందేశం రావాలి, రాని రోజు ఎవరో ఒకరు అడగాలి. మిల్లులో ఆ పని గుమాస్తాకు అప్పగించాను. ఆయన ఫోన్‌కు రోజూ ఒక వరుస వస్తుంది, అందులో తేదీ, సైజు, ఆ రోజు చివరి కాంటా చిట్టీ నంబరు ఉంటాయి. రాకపోతే నాకు ఫోన్ చేస్తారు. సందేశం పంపే ముందు స్క్రిప్టు రెస్టిక్ ఇచ్చిన సంకేతాన్ని చూడాలి. సున్నా అంటే పూర్తయింది. 1 అంటే స్నాప్‌షాటే రాలేదు. 3 అంటే స్నాప్‌షాట్ వచ్చింది కానీ కొన్ని ఫైళ్లు చదవలేకపోయింది. ఈ 3 అనే సంకేతాన్ని చాలామంది విజయంగా లెక్కేస్తారు. చదవలేకపోయింది మీకు కావలసిన ఫైలే కావచ్చు, తప్పక తెరిచి చూడండి.

ఎప్పుడూ తగిలించి ఉండే డిస్కు ఒక్కటే చాలదు. సర్వర్‌లోకి ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్ వస్తే దానికీ తాళం పడుతుంది, పిడుగు పడితే అదీ పోతుంది. రెండో డిస్కు వారానికోసారి యజమాని ఇంటికి వెళ్లాలి. రిపాజిటరీ పాస్‌వర్డ్‌ను కాగితం మీద రాసి, మిల్లు బీరువాలో ఒకటి, ఆ ఇంట్లో ఒకటి ఉంచండి. పాస్‌వర్డ్ పోతే రెస్టిక్ తయారు చేసినవాళ్లు కూడా ఆ డేటాను తెరవలేరు.

చివరగా తిరిగి తీయడం. "రెస్టిక్ చెక్" రిపాజిటరీ నిర్మాణాన్ని పరీక్షిస్తుంది. దానికి "రీడ్ డేటా సబ్‌సెట్" జోడించి 5% అని ఇస్తే, డేటాలో అంత భాగాన్ని నిజంగా చదివి చూస్తుంది. వారానికోసారి దాన్ని నడపండి. కానీ అందులో మీ లెక్కలు ఉన్నాయో లేవో చెక్‌కు తెలియదు, అది మనుషులే చూడాలి. ప్రతి నెల మొదటి సోమవారం నేను ఇలా చేస్తాను. "రెస్టిక్ రిస్టోర్ లేటెస్ట్" ఇచ్చి, టార్గెట్‌గా నా ల్యాప్‌టాప్‌లోని ఖాళీ ఫోల్డర్‌ను చూపిస్తాను. నడుస్తున్న సర్వర్ మీద ఈ ప్రయోగం చేయను. వచ్చిన డంప్‌ను పరీక్ష డేటాబేస్‌లోకి ఎక్కిస్తాను. ఎంతసేపు పట్టిందో గోడ గడియారం చూసి నోట్‌బుక్‌లో రాస్తాను, ఎందుకంటే నిజంగా సర్వర్ పోయిన రోజు యజమాని అడిగే మొదటి ప్రశ్న అదే. ఆ తరువాత గుమాస్తాను పిలుస్తాను. ఆయన కొక్కెం నుంచి తనకు తోచిన చిట్టీ ఒకటి తీసి నంబరు చదువుతారు. నేను ఆ నంబరును ల్యాప్‌టాప్‌లో వెతికి, లారీ నంబరు, బస్తాల సంఖ్య, తూకం పైకి చదువుతాను. ఆయన చేతిలోని కాగితంతో సరిపోయిందని తల ఊపితే, ఇంకో చిట్టీ తీయమంటాను.